కొన్న ఫొటో నాదే కదా, ఫ్లెక్సీ వేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది గంజాం జిల్లా బరంపురం. పట్టుచీరల వ్యాపారం. ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లు సంతకం చేసి అమ్మే ప్రింట్లు సేకరిస్తుంటాను. ముంబయి గ్యాలరీ ఒకటి ‘పది కాపీలే’ అని చెబితే లక్షా నలభై వేలు పెట్టి ఒక ప్రింటు కొన్నాను. అందులో మోడల్ కట్టుకున్నది మా బరంపురం పట్టే. ఇప్పుడు అదే ఫొటో పెద్ద సైజులో మళ్లీ అమ్మకానికి వచ్చింది. మోసపోయానా అని టెన్షన్‌గా ఉంది. నా ప్రింటును దసరాకు షాపు ముందు ఫ్లెక్సీగా వేయించవచ్చా?

జవాబు: ముందు ఫ్లెక్సీ సంగతి. ప్రింటింగ్‌కు ఇచ్చి ఉంటే ఈరోజే ఆపించండి.

మీరు కొన్నది సంతకం ఉన్న ఆ ఒక్క ప్రింటును. ఇంట్లోనో షాపులోనో తగిలించుకోండి, పిల్లలకు రాసివ్వండి, అమ్ముకోండి. ఎవరూ అడ్డు చెప్పలేరు. పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్ పది వేల రూపాయలు దాటి తిరిగి అమ్ముడైతే కళాకారుడు వాటా అడగవచ్చని 1957 కాపీరైట్ చట్టంలోని 53ఎ సెక్షన్ చెబుతుంది. ఆ జాబితాలో ఫొటో లేదు కాబట్టి మీకు ఆ బాధ లేదు. కానీ ఆ ఫొటోకు ఇంకో కాపీ తీయడం, ఫ్లెక్సీ వేయడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనగా పెట్టడం మాత్రం అదే చట్టం ప్రకారం హక్కుదారు అనుమతితోనే జరగాలి. మామూలుగా హక్కుదారు ఫొటో తీసినవారే. ఏ పత్రికో బట్టల కంపెనీయో డబ్బిచ్చి తీయించి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ కింద హక్కు వాళ్లదవుతుంది. ఫ్యాషన్ ఫొటోల్లో ఇది చాలా మామూలు. అందుకే గ్యాలరీ వాళ్లు ఫోన్లో ‘పరవాలేదు, వేసుకోండి’ అంటే సరిపోదు. అసలు హక్కుదారు సంతకంతో, ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారో రాసిన కాగితం ఉండాలి.

మన ఊరి చీర అంత అందంగా గోడ మీద కనిపిస్తే కలిగే సంబరం నాకు అర్థమవుతుంది. బరంపురం పట్టుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. అది చీర పేరును కాపాడుతుంది గానీ ఫొటో మీద మీకు హక్కు ఇవ్వదు.

మోడల్ అనుమతి మరో విషయం, అదీ విడిగా కావాలి. అమితాబ్, జయా బచ్చన్ ఉన్న టైటాన్ కంపెనీ ప్రకటనను ఒక నగల దుకాణం హోర్డింగులకు వాడుకుంటే, ఆ కంపెనీ వేసిన కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ దుకాణానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఇక పెద్ద సైజు ప్రింట్లు. 2012లో అమెరికా ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ తన పాత ఫొటోలను పెద్ద డిజిటల్ ప్రింట్లుగా వేలానికి పెట్టారు. అంతకుముందే వాటి చిన్న ప్రింట్లు కొన్న జొనాథన్ సోబెల్ న్యూయార్క్‌లో దావా వేసి, 2013లో ఓడిపోయారు. సైజు, పద్ధతి మారితే అది కొత్త ఎడిషన్ (ఇన్నే కాపీలని చెప్పి అమ్మే మరో సెట్) అన్నది అక్కడ నిలిచిన వాదన. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు, కానీ గ్యాలరీ లాయరు చెప్పబోయేది అదే. కాబట్టి ప్రింటుతో మీకిచ్చిన సర్టిఫికెట్ తీసి చూడండి. ‘ఈ సైజులో పది’ అని ఉంటే మీ కేసు బలహీనం. ‘ఏ సైజులోనైనా పదే’ అనో, సైజు ఊసే లేకుండా ‘మొత్తం పది’ అనో ఉంటే గట్టిగా అడగవచ్చు.

దీనికి ముంబయి తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కటి గమనించండి: బిల్లు షాపు జీఎస్టీ నంబరు మీద తీసుకుని ఉంటే, వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారే కాదని అవతలివాళ్లు వాదిస్తారు. సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో కొన్నట్టు చూపే బ్యాంకు కాగితాలు దగ్గర పెట్టుకోండి. గ్యాలరీతో జరిగిన వాట్సాప్ మాటలేవీ చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి. ఆ తర్వాత ఎడిషన్ వివరాలు రాతపూర్వకంగా ఇమ్మని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.