బేతాళుడి బొమ్మ వేసిందెవరు?

ప్రశ్న: చిన్నప్పుడు చందమామ రాగానే మొదట బేతాళ కథ బొమ్మే చూసేవాణ్ణి. అది వడ్డాది పాపయ్య గారిదని నేను, కాదని మా తమ్ముడు. ఎవరిది రైటండీ?

జవాబు: మీ తమ్ముడిదే. పాపయ్య గారి రంగుల ముఖచిత్రాలు అంతగా మనసులో ఉండిపోయాయి కాబట్టి చాలామంది ఇలాగే పొరబడతారు. ఒక చేత్తో కత్తి, భుజాన శవం వేసుకుని నడిచే ఆ విక్రమార్కుణ్ణి వేసింది 'శంకర్'. అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళనాడు ఆయన. 1924లో పుట్టి, మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివి, 1952లో చందమామలో చేరి, దాదాపు అరవై ఏళ్లు అక్కడే గీశారు. పత్రిక ఎన్నో భాషల్లో వచ్చేది, బొమ్మలు మాత్రం అన్నిటికీ అవే, అందుకే మనకూ మరాఠీ పిల్లలకూ విక్రమార్కుడి మొహం ఒకటే!

ఈసారి పాత సంచిక దొరికితే రాజుగారి కాళ్లు చూడండి, బరువు మోస్తున్నా అడుగు తడబడదు. 'పట్టువదలని' అన్న మాటకి బొమ్మ వేయమంటే ఇంకెలా వేస్తారు చెప్పండి?

2020లో 96 ఏళ్లకి పోయారు. పద్మశ్రీ మరుసటి ఏడాది ఇచ్చారు, అదే బాధ.