ఎదుటివాళ్ల కోర్టులో నిలబడే కాగితం రాయి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు కౌంటర్ టెర్రరిజం డెస్కులో పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం కన్నా టెన్షనే ఎక్కువ ఉంది ఆమె గొంతులో. టీవీలో చూసే తుపాకుల మధ్యకే నిన్ను పంపిస్తున్నారనుకుంటోంది పాపం. నువ్వు కూర్చోబోయేది కాగితాల మధ్య అని చెప్పి నచ్చజెప్పాను. ఆ ఫైళ్ల మధ్యే రిటైరైనవాణ్ణి కాబట్టి, నువ్వు చేరేలోపు నాలుగు మాటలు రాసి పంపుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే. పరాయి దేశం మనకు సహకరించాలంటే మన కోపం వాళ్లకు తెలిస్తే చాలదు. అక్కడ ఎవరో ఒక అధికారి మనం పంపిన కాగితం చేత్తో పట్టుకుని తన పై అధికారి ముందు, ఆ తర్వాత తన జడ్జి ముందు నిలబడగలగాలి. అతని ముఖం నువ్వు ఎప్పటికీ చూడకపోవచ్చు. నోట్ రాసేటప్పుడు మాత్రం అతనొక్కడే నీ పాఠకుడు అనుకో. మన మంత్రిగారు కాదు. మన చానెళ్లు అసలే కాదు.

చేరగానే మసూద్ అజర్ వ్యవహారం మొదటి నుంచీ చదువు. హైజాక్ అయిన ఐసీ-814 విమానం ప్రయాణికుల కోసం 1999 డిసెంబరు 31న కాందహార్‌లో మనం వదిలిపెట్టిన మనిషి. అతని జైషే మహ్మద్‌ని ఐక్యరాజ్యసమితి 1267 కమిటీ (ఉగ్రవాదుల మీద ఆంక్షలు పెట్టే కమిటీ) 2001లోనే జాబితాలో పెట్టింది. సంస్థ జాబితాలో ఉంది, దాన్ని స్థాపించినవాడు మాత్రం పదిహేడేళ్లకు పైగా బయటే ఉన్నాడు. కారణం ఆ కమిటీ నడిచే తీరే. భద్రతా మండలిలోని 15 దేశాలూ అందులో ఉంటాయి, అందరూ సరేనంటేనే పేరు ఎక్కుతుంది. ఒక్క దేశం ‘టెక్నికల్ హోల్డ్’ అన్నా బండి ఆగిపోతుంది, ఎందుకో బయటికి చెప్పనక్కర్లేదు. చైనా 2009 నుంచి 2019 మార్చి దాకా నాలుగుసార్లు అలా ఆపింది.

ఆ పదేళ్లలో ఏం మారిందో చూడు. పఠాన్‌కోట్ దాడి తర్వాత 2016లో ప్రతిపాదన పెట్టింది మనమే. 2017లో అమెరికా పెట్టింది, బ్రిటన్, ఫ్రాన్స్ తోడు నిలిచాయి. పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయాక ఆ మూడు దేశాలూ కలిసి మళ్లీ పెట్టాయి. చైనా ఎప్పటిలాగే ఆపింది. అప్పుడు అమెరికా ఆ విషయాన్ని కమిటీ గదిలోంచి బయటికి లాగి, భద్రతా మండలి తీర్మానం ముసాయిదాగా సభ్యదేశాలకు పంచింది. మూసిన గదిలో ఊరుకుని ఆపడం వేరు, లోకమంతా చూస్తుండగా చెయ్యెత్తి అడ్డుపడటం వేరు. 2019 మే 1న చైనా పక్కకు తప్పుకుంది.

ఆ రోజు బయటికి వచ్చిన ప్రకటనలో పుల్వామా ఊసు లేదు. దాని మీద మన దగ్గర చాలామంది సణిగారు. నన్నడిగితే అది మంచి బేరమే. ఖాతాలు స్తంభించాలన్నా, ప్రయాణాలు ఆగాలన్నా, ఆయుధాలు అందకూడదన్నా ఆ జాబితాలో పేరుండాలి. మన బాధంతా అందులో రాసి ఉండక్కర్లేదు. ముసాయిదాలో ఒక వాక్యం కోసం పట్టుబట్టి మొత్తం పోగొట్టుకునే తొందర నీకూ వస్తుంది ఎప్పుడో ఒకప్పుడు. రానివ్వకు.

ముంబై 26/11 దాడి నిందితుడు తహవ్వుర్ రాణా కేసు ఇంకో పాఠం. 2011లో షికాగో జ్యూరీ అతన్ని లష్కరే తోయిబాకి సాయం చేసినందుకూ, డెన్మార్క్ పత్రిక మీద దాడి కుట్రకూ దోషి అంది. ముంబై దాడి ఆరోపణ మాత్రం కొట్టేసింది. తర్వాత మనం అప్పగించమని అడిగితే అతని లాయర్లు ఏమన్నారో ఊహించగలవు: ఒకే విషయానికి రెండుసార్లు విచారణ కుదరదు, మీ ఒప్పందంలోనే ఆ మాట ఉంది అన్నారు. ఒప్పందంలో నిజంగానే ఉంది. కాబట్టి ఇక్కడ మన ఆవేశానికి విలువ లేదు, 166 ప్రాణాలు పోయాయన్న నిజం కూడా ఆ ప్రశ్నకు జవాబు కాదు. జవాబు సెక్షన్లలో దొరికింది. మనం పెట్టిన ఆరోపణల్లో హత్య, ఫోర్జరీ లాంటివి ఉన్నాయి. వాటిని రుజువు చేయడానికి కావలసిన అంశాలూ, షికాగోలో విచారించిన నేరాల అంశాలూ ఒకటి కావని అమెరికా కోర్టులు ఒప్పుకున్నాయి. 2023 మేలో కింది కోర్టు సరేనంది, చివరికి 2025 జనవరిలో సుప్రీంకోర్టు అతని పిటిషన్ విననంది. ఏప్రిల్ 10న అతను ఢిల్లీలో దిగాడు. ఆరోపణల జాబితాలో చిన్న సెక్షన్ కనబడితే ‘ఇదెందుకు, పరువు తక్కువ’ అని కొట్టేయకు. పరాయి కోర్టులో మనల్ని గట్టెక్కించేది అదే కావచ్చు.

ఇక డబ్బు సంగతి. ఎఫ్ఏటీఎఫ్ పేరు, అంటే దొంగడబ్బు, ఉగ్రనిధుల మీద దేశాలకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ పేరు, నువ్వు రోజుకు పదిసార్లు వింటావు. 1989లో జీ-7 దేశాలు పారిస్‌లో మొదలుపెట్టినప్పుడు దాని చూపంతా డ్రగ్స్ డబ్బు మీద. ఉగ్రవాద నిధుల పని 9/11 తర్వాత చేరింది. మనం సభ్యులమైంది 2010లో. దానికి పోలీసులు లేరు, కోర్టు లేదు. ఉన్నదల్లా జాబితా. గ్రే లిస్టులో, అంటే లోటుపాట్లున్నాయని నిఘాలో పెట్టిన దేశాల జాబితాలో పడిన దేశానిది ఊళ్లో అప్పు పుట్టని మనిషి పరిస్థితి. ఎవరూ ముఖం మీద పొమ్మనరు, కానీ ప్రతి బ్యాంకూ ఇంకో కాగితం తెమ్మంటుంది.

పాకిస్తాన్ 2018 జూన్‌లో అందులో పడింది. మొదట 27 పనులు చేయమన్నారు, 2021లో ఇంకో 7 కలిపారు. మనం పంపిన డోసియర్లు (ఆధారాల ఫైళ్లు) ఏళ్ల తరబడి కదిలించలేనిది ఆ 34 పనుల పట్టిక కదిలించింది. 2020లో లాహోర్ కోర్టు లష్కరే వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కి ఉగ్రనిధుల కేసులో శిక్ష వేసింది. 26/11 సూత్రధారుల్లో ఒకడైన సాజిద్ మీర్ ‘మా దగ్గర లేడు’ అంటూ వచ్చినవాళ్లే 2022లో అతనికీ శిక్ష వేశామన్నారు. ఆ అక్టోబరులో జాబితా నుంచి బయటపడ్డారు. రెండున్నరేళ్లకు, 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. అందుకని ఆ నాలుగేళ్ల పనీ వృథా అని ఎవరైనా అంటే ఒప్పుకోకు, జాబితాతోనే అంతా అయిపోతుందన్నా ఒప్పుకోకు. ఒత్తిడి ఉన్నంతసేపు పని జరిగింది. ఇంకో సంగతి, ఆ ఒత్తిడికి పాకిస్తాన్ మీద మన ఆరోపణలు చాలలేదు. ‘ఫలానా ప్రమాణంలో ఫలానా లోటు’ అని, ఏ దేశానికైనా వర్తించే భాషలో చూపించాల్సి వచ్చింది. ఆ భాష నేర్చుకో. ఎఫ్ఏటీఎఫ్ 40 సిఫార్సుల్లో కనీసం 5, 6, 8, 14 నోటికి వచ్చేయాలి. అవి వరసగా ఉగ్రనిధులను నేరం చేయడం, ఆస్తుల స్తంభన, స్వచ్ఛంద సంస్థలు, హవాలా లాంటి డబ్బు బదిలీలు.

అదే కొలబద్ద మన మీదా పెడతారు. 2024లో వచ్చిన మన మూల్యాంకన నివేదికలో మెచ్చుకోళ్లు చాలానే ఉన్నాయి. ఉగ్రనిధుల కేసుల విచారణలు ఏళ్లకేళ్లు సాగుతున్నాయని, స్వచ్ఛంద సంస్థల మీద చర్యలు రిస్కును బట్టి ఉండాలని కూడా అందులో రాశారు. మెచ్చుకోళ్లు మన పత్రికలు రాసుకుంటాయి. నువ్వు ఆ రెండో భాగం చదువు. గిట్టని సంస్థ మీద ఉగ్రనిధుల ముద్ర వేస్తే ఇక్కడ చప్పట్లు పడతాయేమో కానీ, రేపు నిజమైన కేసులో నువ్వు పంపే కాగితాన్ని కూడా అక్కడి అధికారి అనుమానంగానే చూస్తాడు.

హవాలా అనగానే ఉలిక్కిపడేవాళ్లను చాలామందిని చూస్తావు. మన జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆ మాట కొత్త కాదు. బ్యాంకుకు వెళ్లడానికి సెలవు దొరకని కూలీ, క్యాంపులో తెలిసినవాడి చేతికి దిర్హమ్‌లు ఇస్తే ఇక్కడ ఇంటికి రూపాయలు వచ్చేవి. చట్టం ఒప్పుకోదు, నేనూ సమర్థించను. కానీ ఆ కూలీ ఉగ్రవాది కాడు. 9/11 కుట్రకు అయిన నాలుగైదు లక్షల డాలర్లలో ఎక్కువ భాగం మామూలు బ్యాంకు ఖాతాల గుండానే నడిచింది. ఆ దాడి తర్వాత అమెరికా అల్ బరకాత్ అనే సోమాలీ డబ్బు బదిలీ సంస్థ ఖాతాలు ఆపేసింది. ఇంటికొచ్చే డబ్బుకు ఆ సంస్థే దారైన కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. అల్ ఖైదాకు నిధులిచ్చిందన్న ఆరోపణకు గట్టి ఆధారం తర్వాత దొరకలేదు. ఇప్పుడు దారులు ఇంకా మారాయి. పుల్వామా బాంబులో వాడిన అల్యూమినియం పౌడర్ ఆన్‌లైన్ షాపింగ్‌లో కొన్నదని ఎఫ్ఏటీఎఫ్ 2025 నివేదికలోనే ఉంది. అనుమానానికి ఒకే దారి పెట్టుకోకు.

రోజువారీ పనిలో దెబ్బతీసేవి రెండున్నాయి. మొదటిది పేర్లు. 1267 జాబితాలో ఒక ఎంట్రీ తెరిచి చూడు. పేరు నాలుగు ముక్కలుగా, అసలు లిపిలో పేరు, పుట్టిన తేదీ, ఊరు, పాస్‌పోర్టు నంబరు, ఆపైన మారుపేర్లు రెండు రకాలు: నమ్మదగ్గవి, అంతంతమాత్రం నాణ్యత ఉన్నవి. ఇదంతా ఎందుకంటే మహ్మద్ అనే పేరును ఇంగ్లిషులో ఎన్నో రకాలుగా రాస్తారు. మన సంగతీ అంతే. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి రాస్తారు, ఇంకో కాగితంలో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకులో పేరు ముందు వస్తుంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు లేకుండా పంపిన పేరుతో ఏ దేశం బ్యాంకూ ఏమీ చేయలేదు. చేసిందా, అమాయకుడి ఖాతా ఆగిపోతుంది.

రెండోది, సమాచారానికీ సాక్ష్యానికీ తేడా. మన ఎఫ్ఐయూ, అంటే అనుమానాస్పద లావాదేవీలు చూసే ఆర్థిక నిఘా విభాగం, 2007 నుంచి ఎగ్మాంట్ గ్రూపులో ఉంది; అది దేశదేశాల ఎఫ్ఐయూల కూటమి. ఆ దారిన ఇంకో దేశపు ఎఫ్ఐయూ ఖాతా వివరాలు రోజుల్లో ఇవ్వొచ్చు. కానీ అవి దారి వెతుక్కోవడానికి. ఇచ్చినవాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు, చార్జిషీటుకు అతికించకూడదు. కోర్టుకు కావాలంటే అదే ఖాతా కోసం హోంశాఖ ద్వారా పరస్పర న్యాయ సహాయ అభ్యర్థన మళ్లీ పంపాల్సిందే. మన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దానికి 112వ సెక్షన్ ఉంది. ఆ అభ్యర్థన వెళ్లి జవాబు వచ్చేదాకా నెలలు పడుతుంది. ఆ నెలలు ఓపిక పట్టలేక ఎవరో ఒకరు విలేకరికి చెప్తారు. మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ దేశం ఫిర్యాదు కూడా చేయదు, తర్వాతి ప్రశ్నకు జవాబు ఇవ్వడం మానేస్తుంది, అంతే.

అభ్యర్థన రాసేటప్పుడు ‘ఈయన ఖాతాలన్నిటి వివరాలు పంపండి’ అని రాయకు. ఫలానా బ్యాంకు, ఫలానా నంబరు, ఫలానా తేదీల మధ్య, ఎందుకు అనుమానం, మీ చట్టంలో ఇది ఏ నేరం కిందికి వస్తుంది. ఈ చివరి ముక్క మనవాళ్లు వదిలేస్తారు. వాళ్ల జడ్జి మొదట అడిగేది అదే. అనువాదం ఆ దేశపు లీగల్ భాష తెలిసినవాడితో చేయించు, డబ్బుకు వెనకాడకు.

మొదటి వారంలో చేయాల్సిన పని ఒకటి చెప్తాను. మనం పంపి జవాబు రాని అభ్యర్థనల పట్టిక నీ టేబుల్ మీదికి ఎవరూ అడగకుండానే వస్తుంది. దాన్ని పక్కన పెట్టి, వేరే దేశాలు మనల్ని అడిగి మనం జవాబు ఇవ్వనివి ఎన్నున్నాయో తెప్పించు. హోంశాఖలో అడగాలి, ఎఫ్ఐయూలో అడగాలి, రాష్ట్ర పోలీసులకు వెళ్లి అక్కడే ఉండిపోయినవి విడిగా రాసుకోవాలి. ముందు ఆ పట్టికలో పాతవి తీసుకుని, ఎవరి దగ్గర ఆగిందో వాళ్లకు ఫోన్ చెయ్యి. లెటర్లు రాస్తూ కూర్చోకు. రెండు మూడు కదిలాక, అదే దేశానికి మన పెండింగ్ అభ్యర్థన గుర్తు చేస్తూ మెయిల్ పెట్టు.

ఉంటాను,
మీ పెదనాన్న