మోకాలి పాత దెబ్బ... చెప్పాలా, దాచాలా?

*నాకు 19 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు. రెండేళ్ల కిందట కబడ్డీ ఆడుతుంటే కుడి మోకాలు మెలిపడింది. ఎమ్మారైలో ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి ఎముకలను పట్టి ఉంచే కట్టు) కొంత చిరిగిందన్నారు. ఆపరేషన్ లేకుండా ఫిజియోథెరపీతో నయమైంది. అగ్నివీర్ (సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగం) రాతపరీక్ష పాసయ్యాను. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో కొడుతున్నాను. మాజీ సైనికుడైన నాన్న ‘మెడికల్‌లో పాత దెబ్బ ఊసెత్తకు’ అంటున్నారు. అమ్మ అసలు వెళ్లొద్దంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.*

బాబూ, పరుగు టైమింగ్ రాశావు సరే. ఫిజికల్ టెస్టులో ఉండే 9 అడుగుల గొయ్యి దూకి కాలు నేలకు ఆనించినప్పుడు మోకాలు ఎలా ఉంటోందో రాయలేదు. అప్పుడు పక్కకు జారినట్టు అనిపిస్తోందా? మెట్లు దిగేటప్పుడు? నేరుగా పరుగెత్తేటప్పుడు బయటపడని బలహీనత ఇలాంటి చోటే తెలుస్తుంది.

కొడుక్కి చేతికందిన ఉద్యోగం ఒక్క మాటతో పోతుందేమోనని మీ నాన్నగారి భయం. ఆయన్ని తప్పుపట్టను. కానీ నువ్వు నోరు మూసుకున్నా కాలు ఊరుకోదు. డాక్టర్ టేపుతో రెండు తొడలూ కొలిస్తే దెబ్బ తిన్న వైపు కండ తగ్గిందేమో తెలిసిపోతుంది. మోకాలు వంచి పిక్కను ముందుకు లాగితే లిగమెంట్ వదులు చేతికే తగులుతుంది. పైగా పాత జబ్బులు, దెబ్బల గురించి అడిగిన చోట సంతకం పెట్టేది నువ్వు, మీ నాన్న కాదు.

నా భయం వేరే. సగం చిరిగింది ట్రైనింగ్‌లో పూర్తిగా తెగితే? ఏసీఎల్ రీకన్‌స్ట్రక్షన్ (తెగిన లిగమెంట్‌ను మళ్లీ కట్టే ఆపరేషన్) జరిగినవాళ్లు అన్‌ఫిట్ అని సైనిక అధికారులను తయారుచేసే ఎన్డీఏ అకాడమీ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. లిగమెంట్ వదులుగా ఉన్నా కుదరదు. నీకు ఆపరేషన్ కాలేదు కాబట్టి మోకాలు గట్టిగా ఉందా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి.

ఈ వారమే ఆటల దెబ్బలు చూసే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పాత ఎమ్మారై పట్టుకుని వెళ్లు. నాన్నను వెంట తీసుకెళ్లు. నువ్వు చెప్తే వాదిస్తారు, డాక్టర్ చెప్తే వింటారు. బాగుందంటే ఆ రిపోర్టుతో ధైర్యంగా నిజం చెప్పు. రిక్రూట్‌మెంట్ ర్యాలీలో అన్‌ఫిట్ అన్నా మిలిటరీ ఆసుపత్రిలో రివ్యూకి అవకాశం ఉంటుంది, చెప్పిన తేదీ మాత్రం దాటనివ్వకు.

అమ్మ బెంగ మోకాలి గురించేనా, లేక నాలుగేళ్ల తర్వాత ఏంటనా? అగ్నివీరుల్లో 25 శాతం మందికి మించి కొనసాగించరని ఆమె వినే ఉంటుంది. అడిగి చూడు, కాలు సంగతితో కలిపేయకు.

డాక్టర్ చూసేదాకా గొయ్యి దూకడం ఆపెయ్.