వేరుచేయడమా, వెలికితీయడమా?

సందేహం: 'అధివృక్క గ్రంధి కణాల నుండి పొరబద్ధ ఎంజైములను వేరుచేసి గుర్తించుట' అని నా ప్రాజెక్టుకు తెలుగులో పేరు పెట్టాను. మా మాస్టారు చదివి నవ్వారు. తప్పెక్కడుంది? అధివృక్కం బదులు అడ్రినల్ అనేస్తే పోతుందా?
– బయోకెమిస్ట్రీ విద్యార్థిని, కావలి

సమాధానం: ముందు ఒత్తు సరిచేసుకోండి. గ్రంధి కాదు, గ్రంథి. ముడి అని దాని అర్థం. గ్రంథం కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే.

వృక్కం అంటే మూత్రపిండం, దాని మీద ఉండేది అధివృక్కం. అడ్రినల్ అన్నా దాదాపు అంతే. లాటిన్‌లో 'అడ్' అంటే దగ్గర, 'రెన్' అంటే మూత్రపిండం. జోకిచి తకమినె 1901లో అడ్రినలిన్ అని పేరుపెట్టిన పదార్థాన్నే గ్రీకు మాటలతో ఎపినెఫ్రిన్ అంటారు. అందులో 'ఎపి' మన 'అధి'కి సరిగ్గా జోడీ. మాట చక్కనిదే కానీ, నన్నడిగితే అడ్రినల్ అనే రాస్తాను. చదివేవాళ్లకు టెన్షన్ ఉండదు.

'పొరబద్ధ' మాత్రం వద్దు. తెలుగు పొరకు సంస్కృత బద్ధాన్ని అతికించడాన్ని పాతవాళ్లు వైరి సమాసం అన్నారు. త్వచబద్ధ అనండి, లేదా హాయిగా 'పొరల్లోని' అనండి.

అసలు చిక్కు 'వేరుచేసి' దగ్గర ఉంది. బియ్యంలో రాళ్లు ఏరినా వేరుచేయడమే, పిండి జల్లించినా వేరుచేయడమే. మన నెల్లూరు ఇళ్లలో చేపల పులుసుకు చింతపండు పిసికి, పిప్పి తీసేసి, కాసేపు ఆగి తేట వంపుకుంటారు. మడ్డి అడుగునే ఉండిపోతుంది. గొట్టాలను గిర్రున తిప్పి మడ్డిని అడుగుకు చేర్చే యంత్రం, సెంట్రిఫ్యూజ్, చేసే పనీ ఇదే. మీ రిపోర్టులో తేట, మడ్డి అని ధైర్యంగా రాయండి, ఇంతకన్నా మంచి మాటలు నాకు తోచడం లేదు.

అయితే పొరలో కూరుకుపోయిన ఎంజైము అలా తిప్పినంత మాత్రాన తేటలోకి రాదు, పొరతోపాటు మడ్డిలోకే పోతుంది. జిడ్డు గిన్నెకు సబ్బు కావాల్సినట్టు దానికి డిటర్జెంటు కావాలి. ఇందుకు వాడే డిజిటోనిన్ అనే డిటర్జెంటు సాపోనిన్లనే నురగ పదార్థాల జాతిది, మన కుంకుడు నురగా సాపోనిన్ల వల్లే. డిటర్జెంటు కలిపాక 1,00,000 జి బలంతో, అంటే భూమి ఆకర్షణకు లక్ష రెట్ల బలంతో, గంటసేపు తిప్పినా తేటలోనే నిలిస్తే, ఎంజైము పొరను వదిలిందని లెక్క. అడ్రినల్ కణాల్లోని డోపమైన్ బీటా హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము మరీ తమాషా: కణం లోపలి రేణువుల్లో కొంత విడిగా, కొంత పొరకు అంటుకుని ఉంటుంది. విడిగా ఉన్నదాన్ని 'వేరుచేయడం' అంటే సరే, అంటుకున్నదానికి 'వెలికితీయడం' అనాలి.

'గుర్తించడం' కూడా చాలదు. ప్రొటీన్లను విడదీసి చూపే జెల్ మీద పట్టీ కనబడితే గుర్తించినట్టే. అది ఫలానా ఎంజైమేనని దాని పని చూసి చెప్పడం తేల్చడం, లేదా నిర్ధారించడం.

కాబట్టి: 'అడ్రినల్ గ్రంథి కణాల పొరల్లోని ఎంజైములను వెలికితీసి నిర్ధారించడం'. 'నుండి' రాసినందుకు మాత్రం నవ్వక్కర్లేదు, నుండి, నుంచి రెండూ ఒప్పే.