‘ఫెద్ర్’ టీవీ స్క్రిప్ట్: నాలుగో అంకం ఎందుకు అతకడం లేదంటే

నిడివి తగ్గించడానికి అరిసీ పాత్ర తీసేశానన్నారు కదా, ఫెద్ర్ మౌనానికి కారణం కనిపించనిది అందుకే. ఫ్రెంచ్ నాటకకర్త రాసీన్ 1677 నాటకంలో రాణి ఫెద్ర్ సవతి కొడుకు ఇపోలిత్‌ను ప్రేమిస్తుంది, అతనేమో యువరాణి అరిసీని. ఆమె నోరు మూయించేది ఆ అసూయ.

1. అరిసీని వెనక్కి తెండి. రెండు చిన్న సీన్లయినా చాలు.

2. చాలామంది వదిలేసేది నాలుగో అంకం నాలుగో దృశ్యం. ఫెద్ర్‌పై కన్నేశాడన్న అబద్ధపు నింద నమ్మి ఆమె భర్త తెజే కొడుకు ఇపోలిత్‌ను శపించాడు. అతన్ని కాపాడమని తెజేను బతిమాలడానికే ఫెద్ర్ వస్తుంది. ఆ నింద అబద్ధమని ఒప్పుకునే దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడు, వాడు అరిసీని ప్రేమిస్తున్నానన్నాడని తెజే కోపంగా చెప్పేస్తాడు. అంతే, ఆమెకు మాట రాదు. కెమెరా ఆమె ముఖం మీదే ఉంచండి, మ్యూజిక్ వద్దు. క్లోజప్‌కు ఇంతకన్నా తగిన చోటు ఈ నాటకంలో లేదు.

3. ఇపోలిత్ చావుకు కారణమయ్యే సముద్రపు రాక్షసికి గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఇపోలిత్ గురువు తెరామెన్ ఆ చావు గురించి చెబుతుంటే, శపించిన తండ్రిని చూపించండి.