నిద్రపోతున్నవాణ్ని లేపకు

నల్లగొండ,
ఆదివారం.

చెల్లె,

నీ కథ రెండుసార్లు చదివాను. దేవరకొండ పక్కన పత్తి చేనులో తండ్రి తలెత్తి విమానాలు చూసే మొదలు బాగుంది. విమానం లోపలికి వెళ్లాకే కథ దారి తప్పింది. ఎదురుగా ఇంకో విమానం వస్తుంటే నీ పైలట్ ఒక పేజీ నిండా కూతురి పెళ్లి తలచుకుంటాడు, వేంకటేశ్వరస్వామికి మొక్కుతాడు, ఆ తర్వాత తీరిగ్గా ఎడమకు తిప్పుతాడు. అంత టైం అతనికెక్కడిది?

విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే యంత్రం ఒకటి ఉంటుంది, పేరు టీకాస్. దాంట్లోంచి ముందు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అని వినిపిస్తుంది. అప్పటికి సిద్ధంగా ఉండటమే పని. అసలు ఆదేశం 'క్లైంబ్, క్లైంబ్' అనో 'డిసెండ్, డిసెండ్' అనో వచ్చేసరికి ఢీకొనడానికి మిగిలేది 15 నుంచి 35 సెకన్లు. 5 సెకన్లలో చెయ్యి కదలాలి. చాలా విమానాల్లో ఆటోపైలట్ తీసేసి, ముక్కు కొద్దిగా ఎత్తడమో దించడమో, అంతే. టీకాస్ కుడి ఎడమలు చెప్పదు, పైకో కిందికో మాత్రమే. నీ కథలో బ్యాగులు మీద పడటం, జనం సీట్లలోంచి ఎగరడం కొట్టెయ్. పని సరిగ్గా జరిగితే వెనక చాలామందికి తెలియనే తెలియదు. నిద్రపోతున్నవాణ్ని నిద్రపోనివ్వు, చదివేవాడికి భయం ఇంకా ఎక్కువవుతుంది.

పొలం గట్టు మీద ఇద్దరు ఎదురైతే ఏమవుతుంది? ఇద్దరూ ఒకే పక్కకు జరిగి, మళ్లీ ఇద్దరూ ఇంకో పక్కకు జరిగి నవ్వుకుంటారు. ఆకాశంలో ఆ తికమక రాకుండా రెండు విమానాల్లోని టీకాస్‌లు ముందే మాట్లాడుకుంటాయి: నేను పైకి, నువ్వు కిందికి.

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ మీద జరిగింది ఇదే గట్టు తికమక. కింద నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ ఒక్కడే రెండు స్క్రీన్లు చూస్తున్నాడు. రష్యా విమానాన్ని దిగమన్నాడు. ఆ విమానంలోని టీకాస్ ఎక్కమంది. వాళ్లు మనిషి మాట విన్నారు. అవతలి సరుకుల విమానం తన యంత్రం చెప్పినట్టు దిగింది. ఇద్దరూ దిగారు. 71 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. ఇప్పుడు నియమం స్పష్టంగా ఉంది: కంట్రోలర్ వేరే చెప్పినా టీకాస్ మాటే వినాలి. 'టీకాస్ ఆర్ఏ', అంటే టీకాస్ ఆదేశం వచ్చిందని పైలట్ అనగానే కంట్రోలర్ ఇక అడ్డు రాడు.

నీ కథ ఉండాల్సింది ఇక్కడ. ఇన్నేళ్లు నమ్మిన గొంతు ఒకటి చెవిలో, పెట్టెలోంచి వచ్చే గొంతు ఇంకొకటి.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, నా తొలి కథలో బోరు వేసే సీను ఊహించి రాశాను. మర్రిగూడ వైపు నుంచి ఒక రైతు కార్డు రాశాడు: 'సార్, మీరు కేసింగ్ దించకముందే నీళ్లు తెప్పించారు.' ముప్పై ఏళ్లయినా ఆ కార్డు దాచుకున్నాను. సిగ్గుతోనే.

ఇంకో మాట. 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని, అంటే ముప్పు తప్పిందని, వినపడగానే పైలట్లు పాత ఎత్తుకు వెళ్లిపోతారు. దిగాక రిపోర్టు రాయాలి. శంషాబాద్‌లో దిగిన నీ పైలట్‌ను ఆ కాగితం ముందు కూర్చోబెట్టి, అక్కణ్నుంచి మొదలుపెట్టి చూడు. దసరాకు వచ్చేటప్పుడు పట్టుకురా.

మీ అన్న