సముద్రపు ఈతలో ఊపిరి అందకపోవడం గురించి

కొలనులో రెండు కిలోమీటర్లు సునాయాసంగా ఈదే మీకు, గోవా ఐరన్‌మ్యాన్ 70.3 (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) కోసం సముద్రంలో సాధన మొదలుపెట్టగానే రెండు వందల మీటర్లకే ఊపిరి అందలేదని రాశారు. ఛాతీలో నొప్పి కూడా ఉంటే ముందుగా వైద్యుణ్ణి కలవండి. లేనట్లయితే లోపం మీ దమ్ములో కాక ఆరంభపు తొందరలో ఉందని నా అనుభవం. గోవాలోని మీరామార్ తీరంలో తొలిసారి దిగినప్పుడు గుంపులో ఎవరి మడమో నా కళ్లద్దాలకు తగిలి, ఉప్పునీరు మింగి, ఆ కంగారులో గాలి పీల్చడమే తప్ప వదలడం మరిచిపోయాను. ముఖం నీటిలో ఉన్నంతసేపూ బుడగలుగా గాలిని వదిలితేనే తరువాతి శ్వాసకు చోటు దొరుకుతుంది. వెల్లకిలా తిరిగి పది శ్వాసల సేపు తేలాక గుండెదడ తగ్గింది. పోటీలో రక్షక పడవను పట్టుకుని ఆగినా, దాని సాయంతో ముందుకు కదలనంతవరకు, అనర్హులు కారు.

పోటీలోని 1.9 కిలోమీటర్ల ఈతకు 70 నిమిషాల గడువుంది, అంటే వంద మీటర్లకు మూడున్నర నిమిషాలకు పైనే. కాబట్టి గుంపును పోనిచ్చి, అంచున నెమ్మదిగా బయలుదేరండి. కొలనులోలా అడుగున దారి చూపే నల్లగీత ఉండదు గనుక ఆరేడు బారలకొకసారి మొసలిలా కళ్లు మాత్రమే పైకెత్తి బోయాను (దారి గుర్తుగా నీటిపై తేలే బుంగను) చూసుకోండి. సాధనకు మాత్రం ఒంటరిగా దిగవద్దు.